పొర లేని విత్తనం

బారువ,
12 జూలై 1985.

చిరంజీవి కూర్మయ్యకు తోడబుట్టిన అప్ప అమ్మన్నమ్మ దీవిస్తూ రాస్తున్నది.

తవిటమ్మకు మూడో నెల అని నువ్వు రాసిన కార్డు మీ బావకు రెండుసార్లు చదివి వినిపించాను. కర్ర పట్టుకుని లేచి నిలబడిపోయాడు మనిషి. కలకత్తా ఓడల డాకులో కాలు నుజ్జయి ఇంటికొచ్చాక ఆయన మొహాన నవ్వు చూడటం ఇదే మొదలు. "మన కూర్మిగాడికి ఈపాలి నిలబడతాది సూడు" అంటున్నాడు.

నిలబడాలంటే నా మాట విను. రెండు కాన్పులు పోయాయి. ఒకటి అయిదో నెలలో, ఒకటి పుట్టిన మూడో రోజున. డాక్టర్లు ఏటేటో చెప్పారు, అవన్నీ విన్నావు. నేను చెప్పింది ఒక్కటే, అది వినలేదు. చూలాలి మొగుడు ప్రాణం తియ్యకూడదు. పాడె మొయ్యకూడదు, పామును కొట్టకూడదు, కోడి మెడ కొయ్యకూడదు. నువ్వు అమ్మ కడుపులో ఉన్నన్నాళ్ళూ మన బాబు వల ముట్టుకోలేదు. నౌపడా పోయి ఉప్పు మోశాడు గానీ ఒక్క చేపను చంపలేదు. అందుకే నువ్వు ఇవాళ పంట్లాం తొడుక్కుని కలకత్తాలో తిరుగుతున్నావు.

ఆ టీకాల లేబొరేటరీలో కోళ్ళకు రోగం సూది పొడిచి చంపడం నీ ఉద్యోగం. "అది డ్యూటీ అప్పా" అంటావు. ఈసారి ఆ మాట నా దగ్గర కుదరదు. పిల్ల భూమ్మీద పడేదాకా నీ చేత్తో ఒక్క ప్రాణం పోకూడదు. నా మీద ఒట్టు. ఉత్తరంలో పెట్టిన ఒట్టు ఒట్టేటి అనుకునేవు. ఎడమ చెయ్యి నెత్తి మీద పెట్టుకునే ఇది రాస్తున్నాను.

ఇంకో సంగతి. ఈ ఏడు మూడొందల బాతుపిల్లలు తెస్తున్నాము. ఊరి పక్క బీల చిత్తడి నీళ్ళల్లో మేపుకుంటే గుడ్లకు కరువుండదు. కిందటేడు బీల అవతల ఊళ్ళల్లో బాతులకు కలరా తగిలి మందలకు మందలు పోయాయి. మీ దగ్గర చేసే టీకామందు నాకు పంపాలి. మీ బావ ఇంక బరువు మొయ్యలేడు, పడవ ఎక్కలేడు. ఈ బాతులు తప్ప మాకు ఇంకేమీ లేదు. గుర్తుపెట్టుకో.

తవిటమ్మను బరువులెత్తనివ్వకు.

నీ అప్ప,
అమ్మన్నమ్మ


మెటియాబ్రుజ్, కలకత్తా,
2 ఆగస్టు 1985.

పూజ్యురాలైన అప్పకు కూర్మయ్య నమస్కారాలు.

నీ ఒట్టు అందింది. తవిటమ్మ చదివించుకుని విని ఏడ్చింది. "వదినకి నా మీదున్న ద్యాస నీకు నేదు" అని నన్ను తిట్టింది కూడా. మా గల్లీలో కుట్టుమిషన్ల రొద, పైన లోడ్ షెడ్డింగ్. రోజుకు ఆరేడు గంటలు కరెంటు ఉండదు. చీకట్లో ఆవిడ మెట్లు దిగకుండా కాపలా కాస్తున్నాను.

నా పని కోళ్ళను చంపడం కాదప్పా, విత్తనాన్ని కాపాడటం. పదకొండేళ్ళ నుంచి చేస్తున్నా నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. బాతుల్నీ కోళ్ళనీ చంపే కలరా క్రిమి ఒకటి మా దగ్గర గాజుగొట్టాల్లో ఉంటుంది. దాన్నే మేము విత్తనం అంటాం. టీకామందు అంతా దాన్నుంచే. దాన్ని బుడ్డీల్లో పెంచి, చంపి, మందు చేస్తారు. ఆ చచ్చిన క్రిమిని చూసి బాతు ఒళ్ళు శత్రువు మొహం గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. తర్వాత అసలు రోగం వస్తే తరిమేస్తుంది.

ఆ విత్తనాన్ని వారం వారం పాత గొట్టంలోంచి కొత్త గొట్టంలోకి మార్చాలి. ఊరికే గాజులో పెరిగితే అది మెత్తబడిపోతుందట. అందుకని నెలకొకసారి ఒక కోడికి పొడవాలి. అది చచ్చాక గుండెలో రక్తం తీసి మళ్ళీ గొట్టంలో వెయ్యాలి. అప్పుడు విత్తనానికి మళ్ళీ రోషం వస్తుంది. రిటైరైపోయిన మా పెద్ద సారు "కూర్మా, దీన్ని మేపకపోతే మెత్తబడుతుంది" అని రోజూ నూరిపోసేవాడు.

ఆ కోడిని పొడిచే పని నా తోటివాడు మరియదాసుకు అప్పగించాను. నువ్వు దిగులు పెట్టుకోకు. నా చెయ్యి శుభ్రంగా ఉంది.

మందు కొత్తది తయారవగానే పంపిస్తాను. మన నారాయణమ్మ కొడుకు పట్టాభి ఇక్కడ దగ్గరే లిలువా రైలు కార్ఖానాలో ఉన్నాడు. ఊరికి సెలవు మీద వచ్చేటప్పుడు ఫ్లాస్కులో ఐసు వేసి పట్టుకొస్తాడు. మన ఊళ్ళ ఉత్తరాలూ చీరలూ మందులూ అన్నీ వాడి సంచిలోనే కదా వస్తాయి.

బావకు నా నమస్కారాలు.

నీ తమ్ముడు,
కూర్మయ్య


బారువ,
24 నవంబరు 1985.

చిరంజీవి కూర్మయ్యకు, అప్ప దీవించి రాయునది.

మందు అందింది. పట్టాభి ఎంత మంచివాడురా! ఫ్లాస్కును ఒళ్ళో పెట్టుకుని రాత్రంతా కూర్చునే వచ్చాడట. ఖుర్దారోడ్డులో దిగి సోడా కొట్టువాణ్ణి బతిమాలి ఐసు మార్చాడట, బరంపురంలో మళ్ళీ మార్చాడట. వాళ్ళమ్మను కూడా పలకరించకుండా ముందు మా ఇంటికే వచ్చాడు. "అమ్మన్నప్పా, నీ తమ్ముడు సెప్పినట్టే తెచ్చినాను, సల్లగుందో నేదో ముట్టుకుని సూడు" అన్నాడు. చేతికి జివ్వుమంది.

సూది నేనే వేశాను. పశువుల కాంపౌండరును రమ్మంటే రేపు మాపు అన్నాడు. ఇంక వాడితో ఏటి పని అనుకుని నువ్వు రాసిచ్చిన కాగితం గోడకు అంటించుకుని మొదలెట్టాను. మొదటి బాతుకు వేసేటప్పుడు మందు సగం ఈకల మీదే పోయింది, పదోదానికి చెయ్యి తిరిగింది. మీ బావ కూర్చుని ఒక్కోదాన్నీ ఒడిసి పట్టుకున్నాడు. సాయంకాలానికి మూడొందలూ అయిపోయాయి.

మందు మిగిలింది. పక్కింటి నరసమ్మ వచ్చి "నా బాతులకీ ఎయ్యవే తల్లీ" అంది. ఆమెవి చూసి ఇంకో నలుగురు వచ్చారు. అయిదిళ్ళ బాతులకూ నేనే వేశాను. నా తమ్ముడు చేసిన మందు అని ప్రతి ఇంట్లోనూ చెప్పాను. ఏటి, చెప్పుకోకూడదా? నేను డాకు కూలీ పెళ్ళాన్ని, నువ్వేమో డాక్టర్ల మధ్యన. నాకు ఉబ్బుగానే ఉంది.

తవిటమ్మకు ఏడో నెల. గుడ్లు తినిపిస్తున్నావా? ఇక్కడ నా బాతులు గుడ్లకొచ్చేసరికి ఆవిడ పురిటికి పడుకుంటుంది, లేకపోతే గంపెడు పంపేదాన్ని.

నీ అప్ప


మెటియాబ్రుజ్,
15 డిసెంబరు 1985.

అప్పకు నమస్కారాలు.

నీ ఉత్తరం పది మందికి చదివి వినిపించాను. మా అప్ప సూదిమందు వేస్తుంది అంటే లేబొరేటరీలో బెంగాలీ బాబులు కూడా నోరెళ్ళబెట్టారు.

గుడ్లకు లోటు లేదు. మేడ మీద గంపల కింద నాలుగు పెట్టలున్నాయి. కొన్నాను. తవిటమ్మ పొద్దున్నే మెట్ల దగ్గర నిలబడి చెయ్యి చాపుతుంది, నేను వేడి గుడ్డు ఆ చేతిలో పెడతాను. బుగ్గలు వచ్చాయి మనిషికి. ఆసుపత్రి నర్సు కూడా బిడ్డ బాగా తిరుగుతోందంది.

మా పనిలోకి కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చింది, శర్మిష్ఠ దిదిమణి. ఇక్కడివాళ్ళు అమ్మగారూ అనడానికి దిదిమణి అంటారు, అన్నా అనడానికి దా అంటారు. వయసు ముప్ఫై ఉండదు. ఆవిడకు ఏదీ నచ్చదు. విత్తనం పెరిగిన గాజుపళ్ళేలను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఏటవాలుగా పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తుంది. "కూర్మదా, పోయిన నెల కోడి ఎన్ని గంటల్లో చచ్చింది?" అని అడిగింది. ఇరవై గంటలు దిదిమణి, రిజిస్టరులో రాసి ఉంది కదా అన్నాను. "రాసుంది, చూశాను" అని మళ్ళీ పళ్ళెం తిప్పుతుంది. చదువుకున్నవాళ్ళకు పని లేకపోతే ఇదే వరస.

ఆడపిల్ల పుడితే నీ పేరే. తవిటమ్మ ముందే తీర్మానించేసింది. మగపిల్లవాడైతే మన బాబు పేరు.

నీ తమ్ముడు,
కూర్మయ్య


బారువ,
9 జనవరి 1986.

కూర్మయ్యకు,

బాతులు చచ్చిపోయాయి.

సోమవారం పొద్దున్న దొడ్డి తలుపు తీశాను. ఎప్పటిలాగే బిలబిలమంటూ బయటికొచ్చాయి. బీల గట్టు దాకా కూడా పోలేదు. ముందు నడిచేది పడిపోయింది, దాని మీంచి నడిచి వెళ్ళిన ఇంకోటి పడిపోయింది. నీళ్ళల్లోకి దిగినవి మెడలు వెనక్కి తిప్పుకుని అలాగే తేలిపోయాయి. నోట్లో నాచు ఉంది, మింగలేదు. ఒక్కదాని ఒంటి మీద పుండు లేదు, ముందురోజు తిండి మానింది లేదు. మంగళవారం సాయంత్రానికి పదకొండు మిగిలాయి, బుధవారం అవీ లేవు. మీ బావ కర్ర పారేసి బురదలో పాక్కుంటూ పోయి ఒక్కోదాన్నీ గట్టుకు లాగాడు. వద్దంటే వినడు.

నరసమ్మ బాతులకు ఇంకో రకంగా వచ్చింది. అన్నీ ఒక్కసారి చావలేదు. కాళ్ళ కీళ్ళు వాచి కుంటుతున్నాయి, రోజుకు నాలుగు పోతున్నాయి. అది ఇంకా నరకం. ఆమె మా గుమ్మంలో నిలబడి అంది కదా, "ఏటే అమ్మన్నా, నీ తమ్ముడి మందు ఎయ్యకపోయినా సచ్చీవే, ఏసినా సచ్చినాయి. మరి నా బాతుల్ని ఎందుకు పొడిపించినావు?" అయిదిళ్ళవాళ్ళూ అదే అడుగుతున్నారు. గొడవ పెట్టుకోవడం లేదు, అడుగుతున్నారంతే. వాళ్ళకు చెప్పాల్సిన జవాబు నువ్వు రాయి.

నువ్వు ఏటి పంపావు నాకు?

అమ్మన్నమ్మ


మెటియాబ్రుజ్,
20 జనవరి 1986.

అప్పకు, బావకు నమస్కారాలు.

నీ ఉత్తరం చూసి అన్నం సహించలేదు. మందులో దోషం లేదప్పా. నేను పదకొండేళ్ళుగా చూస్తున్న మందు. అయితే అది చల్లగా ఉండాలి. ఇక్కడ లోడ్ షెడ్డింగ్ సంగతి నీకు తెలుసు, కరెంటు పోతే ఫ్రిజ్ వట్టి బీరువా. మా దగ్గర పాడవలేదనుకుంటే ఇంక దారిలోనే పాడై ఉండాలి. పట్టాభి ఖుర్దాలో ఐసు మార్చానన్నాడు, మార్చాడో లేదో ఎవరు చూశారు? రైల్లో పేకాట పెట్టారంటే ఆ కార్ఖానావాళ్ళకు ఒళ్ళు తెలియదు. నేను వాణ్ణి ఒక మాట అనను గానీ, అనుమానం అక్కడే.

ఒక పని చెయ్యి. చచ్చిన బాతు తొడ ఎముక ఒకటి, నరసమ్మ బాతుది ఒకటి, విరగకుండా తీసి బొగ్గుపొడిలో గట్టిగా కప్పి డబ్బాలో పెట్టి పోస్టులో పంపు. దిదిమణి చూస్తానంది. ఎముక మూలుగలో క్రిమి బతికే ఉంటుందట. పట్టాభి చేతికి మాత్రం ఇవ్వకు.

ఇంకొకటి రాయాలి. ఇలాంటప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. పదిహేడో తారీఖున తవిటమ్మకు ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం. పిల్ల గట్టిగా ఏడుస్తోంది. మూడో రోజు గడిచింది.

కూర్మయ్య


బారువ,
2 ఫిబ్రవరి 1986.

కూర్మయ్యకు అప్ప రాయునది.

పిల్ల మూడో రోజు దాటిందని చదివి గట్టిగా ఏడ్చాను. బాతులు పోయినప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు. మొలతాడు పంపుతున్నాను, నల్లదారంతో నేనే పేనాను. మేనత్త కట్టాల్సింది, నువ్వే కట్టు. ఒట్టు నిలబెట్టావురా తమ్ముడా, దానికి నేను నీకు రుణపడి ఉన్నాను.

ఎముకలు రెండూ ఇదే పోస్టులో వేరే డబ్బాలో వస్తాయి. ఎర్రదారం కట్టింది మాది, తెల్లదారం నరసమ్మది.

నీ ఉత్తరం వచ్చిన రోజే నూతి దగ్గర నారాయణమ్మ కనిపించింది. నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ కొడుకు పేకాడుకుని నా బాతుల్ని సంపినాడే" అని అందరి ముందూ అరిచాను. ఆమె బిందె కింద పెట్టి "నా కొడుకు అలాంటోడు కాదమ్మా" అంది. "అయితే నా తమ్ముడు అబద్దాలోడా?" అన్నాను. ఆమె నీళ్ళు తోడుకోకుండానే వెళ్ళిపోయింది. అప్పట్నుంచి నూతికి రావడం మానేసింది. ఊళ్ళో ఎవరూ పట్టాభికి ఉత్తరం ఇవ్వడం లేదు, వాడు తెచ్చినవి పుచ్చుకోవడం లేదు. మొన్న సెలవు మీద వచ్చినవాడు రెండోరోజే తిరిగి వెళ్ళిపోయాడు. మంచిపని అయింది.

మీ బావ కొబ్బరి పీచుతో తాళ్ళు పేనుతున్నాడు. పేనినదానికి పేనినంతే. నరసమ్మ నాతో మాట్లాడుతోంది ఇప్పుడు. తప్పు మన ఇంటిది కాదని తెలిశాక అందరూ మాట్లాడుతున్నారు.

దిదిమణి ఏటి చెప్పిందో వెంటనే రాయి.

నీ అప్ప


మెటియాబ్రుజ్,
8 మార్చి 1986.

అప్పకు,

ఇది చదివి పొయ్యిలో పెట్టెయ్. బావకు కూడా వినిపించకు.

నెల్లాళ్ళుగా రాద్దామని కూర్చోవడం, లేవడం. పిల్లకు నలతగా ఉందనీ, ఎముకలు ఇంకా చూడలేదనీ రెండు కార్డులు రాసి చింపేశాను.

డబ్బా వచ్చిన నాలుగో రోజున దిదిమణి నన్ను కిటికీ దగ్గరికి పిలిచింది. మూడు గాజుపళ్ళేలు. "ఏటవాలుగా పట్టుకుని చూడు కూర్మదా" అంది. మొదటిది మా విత్తనం. బూడిద రంగు చుక్కలు, మెరుపన్నది లేదు. రెండోది ఎర్రదారం ఎముకలోది, నీ బాతుది. పావురం మెడలా ఎర్రగా పచ్చగా మెరిసింది. మూడోది నరసమ్మ బాతుది. మెరుపు ఉందంటే ఉంది, అంతే.

తర్వాత ఒక్కోదాన్నీ చుక్క సిరాలో కలిపి భూతద్దం గొట్టంలో చూపించింది. నీ బాతును చంపిన క్రిమి చుట్టూ వెడల్పుగా తెల్లటి గీత. నరసమ్మదానికి సన్నగా. మాదానికి లేదు, నల్లటి సిరా క్రిమిని ఆనుకునే ఉంది. "అది దాని పొర. జిగట పొర" అంది. "రక్తంలో కాపలా తిరిగే కణాలుంటాయి, క్రిమిని పట్టి మింగుతాయి. పొర మందంగా ఉంటే వాటికి పట్టు దొరకదు, జారిపోతుంది. అందుకే మీ అప్ప బాతులు నడుస్తూ నడుస్తూ పడిపోయాయి. పొర పలచనైతే క్రిమి గబుక్కున గెలవలేదు, కీళ్ళల్లో దాక్కుని వారాల తరబడి ఏడిపిస్తుంది. పొరే లేకపోతే బాతును ఏమీ చెయ్యలేదు. మనం మందు చేసింది ఆ పొర లేనిదానితో. మీ అప్ప బాతులకు మనం చూపించింది ఒక మొహం, వచ్చిన శత్రువుది ఇంకో మొహం."

ఐసు మారిందా లేదా అని అడిగాను. "ఐసు కరిగితే మందు పాడవుతుంది. గొట్టంలో బతికున్న విత్తనానికి పొర ఊడదు" అంది. "గాజులో తిండి ఊరికే దొరుకుతుంటే దానికి పొరతో పనేముంది? వదిలేస్తుంది. కోడి ఒంట్లోకి పంపితే పొర ఉన్నవే బతికి బయటికొస్తాయి. రిజిస్టరు ప్రకారం నెలకో కోడి చచ్చింది. మరి ఇదెలా జరిగింది కూర్మదా?" నా మొహంలోకి చూసింది. రాసి ఉంది కదా దిదిమణి అన్నాను.

అప్పా, మరియదాసు ఒప్పుకోలేదు. "నీ పెళ్ళాం కడుపు కోసం నా సెయ్యి సెడగొట్టుకోవాలేటి?" అన్నాడు. ఆగస్టులో సిరంజి నింపి కోడి రెక్క ఎత్తి పట్టుకున్నాను. నువ్వు నెత్తి మీద చెయ్యి పెట్టుకుని రాసిన మాట గుర్తొచ్చింది. పొడవలేకపోయాను. కోడిని సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను. విత్తనాన్ని గొట్టంలోంచి గొట్టంలోకే మార్చి, ఇరవై గంటల్లో చచ్చింది అని రాశాను. నెల నెలా అంతే, డిసెంబరు దాకా అయిదుసార్లు. మేడ మీద పెట్టలు నేను కొన్నవి కావు. తవిటమ్మ తిన్న గుడ్లు వాటివే.

పట్టాభి పోయిన వారం నా దగ్గరికి వచ్చాడు. "కూర్మన్నా, నాను ఐసు మార్సినాను కదా. నీకు తెల్దేటి? మాయమ్మ నూతికి ఎల్లడం నేదంట. ఊరోళ్ళకి ఓ ముక్క రాయవా?" అన్నాడు. రాస్తానన్నాను. టీ తాగించి పంపాను. రాయలేదు.

యూనియన్ ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టారు. ఎవరి ఉద్యోగం మీదికీ రాకుండా లోడ్ షెడ్డింగ్ వల్ల ఒక్క పెట్టె మందు పాడైందని కాగితం రాద్దామన్నారు. అందరం సంతకాలు పెట్టాం. దిదిమణి పెట్టనంది. కోళ్ళ సంగతి ఆవిడకు అనుమానమే, నేను చెప్పలేదు. మిగిలిన సీసాలు సుందరబన్ వైపు ఊళ్ళకు ఇంకా వెళ్తూనే ఉన్నాయి.

నాకు తెలియదప్పా, క్రిమి క్రిమే అనుకున్నాను. నువ్వు ఒట్టు పెట్టావు, నేను నిలబెట్టాను. పిల్ల బతికింది. ఇందులో నా తప్పు ఎంతో నువ్వే చెప్పు. పిల్లకు నీ పేరు పెట్టాం. అమ్మన్నా అని పిలిస్తే అప్పుడే నవ్వుతోంది.

కూర్మయ్య


బారువ,
22 మార్చి 1986.

కూర్మయ్యకు,

నా తప్పెంత అని అడిగావు. చెప్తాను.

ప్రాణం తియ్యొద్దన్నాను. తీశానని రాయమనలేదు. ఒట్టు పెట్టింది నేనే, ఆ పాపం నా నెత్తినే ఉంది, నేను మోసుకుంటాను. కానీ మీ పైవాళ్ళకు చెప్పి ఆ పని మాన్పించుకోవచ్చు. సెలవు పెట్టొచ్చు. ఏదీ లేకపోతే ఈ ఏడు ఆ మందు వేయకు అప్పా అని నాకు ఒక కార్డు ముక్క రాయొచ్చు. కోడిని సంచిలో దాచినవాడివి నాకు మాత్రం సీసాలు పంపావు.

తెలియదన్నావు. ఆగస్టు ఉత్తరం నా పెట్టెలో ఉంది, తీసి చూశాను. "మేపకపోతే మెత్తబడుతుంది" అని నీ చేత్తోనే రాశావు. నీకు తెలుసురా. తెలిసే మెత్తటి మందు పంపావు. రోగం రాకపోతే ఎవరికీ తెలియదులే అనుకున్నావు. అదీ కాక పట్టాభిని నా నోట్లో పెట్టావు. నేను వాణ్ణి ఊళ్ళో ఉమ్మేశాను.

నీ ఉత్తరం పొయ్యిలో పెట్టలేదు. ముందు మీ బావకు చదివాను. ఆయన తాడు పేనుతూనే విన్నాడు, గుడ్ల దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. తర్వాత నారాయణమ్మ ఇంటికి వెళ్ళాను. లోపలికి రమ్మనలేదు, అరుగు మీదే కూర్చున్నాను. నరసమ్మనూ, తక్కిన నాలుగిళ్ళవాళ్ళనూ అక్కడికే పిలిచి మొదట్నుంచీ చదివాను. ఒక్క ముక్క వదలలేదు. నాకు సిగ్గు ఎక్కడెక్కడ పుట్టిందో అక్కడ ఇంకా గట్టిగా చదివాను. చదవడం అయ్యాక నారాయణమ్మ కాళ్ళు పట్టుకున్నాను. ఆమె కాళ్ళు వెనక్కి లాక్కుంది. "ఇంకోపాలి సదువు" అంది. మళ్ళీ చదివాను.

పట్టాభికి టెలిగ్రాం ఇచ్చి పిలిపించాను. నిన్న వచ్చాడు. వాడి ముందు తల ఎత్తలేకపోయాను. నీ ఉత్తరాలు రెండూ, ఆగస్టుదీ ఈ మార్చిదీ, కవరులో పెట్టి వాడి చేతికిచ్చాను. మీ దిదిమణికి ఇస్తాడు. ఆవిడకు తెలుగు రాదుగా, పట్టాభికి బెంగాలీ వచ్చు, పక్కన కూర్చుని చదివి చెప్తాడు. సుందరబన్లోనూ బాతులు కాసుకునే ఆడవాళ్ళుంటారు. వాళ్ళకెవరికీ నీలాంటి తమ్ముడు లేకపోయినా సీసాలు మాత్రం వెళ్తున్నాయి కదా. "కవరు జాగ్రత్తరా" అని నేనంటే, "నీ పనికి ఐసు కూడా మోసినానప్పా, కాగితాలేటి బరువు?" అన్నాడు. ఆ మాటకు నేను చచ్చిపోయాను.

ఈ ఉత్తరం నీకు అందేసరికి అవి ఆవిడకు అంది ఉంటాయి. నీ ఉద్యోగం ఉంటుందో పోతుందో నాకు తెలియదు. పోతే తవిటమ్మనూ పిల్లనూ ఇక్కడికి పంపు. వాళ్ళిద్దరికీ ఇంత గంజి నేను పొయ్యగలను. నువ్వు రావద్దు. నేను రమ్మని రాసేదాకా ఉత్తరం కూడా రాయొద్దు.

పిల్ల పేరు మార్చాలనుకుంటావేమో. మార్చకు. దాన్ని పిలిచినప్పుడల్లా నా పేరు నీ నోట్లో పడాలి.

అమ్మన్నమ్మ